అలవాట్లు లేని మనిషి

ఆత్మకూరు,
జూన్ 3.

గౌరవనీయులైన శీనయ్య తాతగారికి,

ఆత్మకూరులోని పెద్దల ఆరోగ్య కేంద్రం నుంచి లిఖిత నమస్కరించి రాస్తున్నాను. పోయిన ఆదివారం ఉదయగిరి బస్టాండు పక్కన మేము పెట్టిన శిబిరానికి మీరు వచ్చారు. పరీక్ష చేస్తే రక్తంలో చక్కెర మూడు వందల పది ఉంది. అరికాళ్ళలో తిమ్మిరి మొదలైందని మీరే చెప్పారు. మా డాక్టరుగారు మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా చక్కెర దిగకపోతే సూదులు వేసుకోవాలని, అప్పటికీ ఇలాగే ఉంటే కాలికే ముప్పు రావచ్చని చెప్పారు. మీరు శ్రద్ధగా తలూపి, బయటికి వెళ్ళి టీ తాగారు. అందులో రెండోసారి చక్కెర వేయించుకోవడం నేను కళ్ళారా చూశాను.

మా కేంద్రంలో ఒక్కొక్క పెద్దవారి బాధ్యత మూడు నెలలపాటు ఒక్కొక్కరికి అప్పగిస్తారు. మీరు నా వంతుకు వచ్చారు. మిగతావాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నాను. మీరు మాత్రం ఫోను నెంబరు రాయాల్సిన చోట "ఉత్తరం రాయండి, నేను పోస్టు మాస్టరు చేసి రిటైరైన వాణ్ణి" అని రాశారు. సరే, ఉత్తరాలే రాస్తాను.

మీరు నింపిన కాగితంలో ఏడో గడి ఖాళీగా ఉంది. అక్కడ "అలవాట్లు" అని ఉంటుంది. మీకున్న అలవాట్లు ఏమిటో రాసి పంపండి. మిగతాదంతా దాన్ని బట్టే మొదలవుతుంది.

మీ ఆరోగ్యం కోరే
లిఖిత

తా.క.: జవాబు కోసం స్టాంపు అంటించిన కవరు జతచేశాను.


ఉదయగిరి,
జూన్ 8.

చిరంజీవి లిఖితకు శీనయ్య తాత దీవించి, ఎవరిచేతా రాయించకుండా స్వహస్తాలతో రాయునది.

ఇక్కడ నేను, నా భార్య సుబ్బరత్నమ్మ, రెండు బర్రెలు బాగున్నాం. నీ పేరులోనే రాత ఉంది కనుక నీ ఉత్తరం చూసి ముచ్చటపడ్డాను. చదివాక ముచ్చట తగ్గింది.

ఏడో గడి నేను మర్చిపోయి వదల్లేదమ్మా, రోషం వచ్చి వదిలాను. నాకు డెబ్బై ఒకటి నిండాయి. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో కుర్చీ కదలకుండా పనిచేశాను. నన్ను వేలెత్తి చూపిన వాడు లేడు. పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజున సుబ్బరత్నమ్మ తలుపు చాటు నుంచి వాళ్ళ అవ్వ చేత ఒకే ఒక్క ప్రశ్న అడిగించింది. "పిల్లోడికి అలవాట్లు ఏమన్నా ఉండాయా?" అని. "ఒక్కటి కూడా లేదు" అని మా నాయన చెప్పినాడు. ఆ ఒక్క మాట మీద నలభై మూడేళ్ళుగా కాపురం చేస్తున్నాం.

ఇప్పటికీ అంతే. పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటాను. అన్నం తిని పడుకుంటాను. సాయంత్రం మళ్ళీ అరుగు మీదే. గేటు దాటి ఎక్కడికీ పోను. ఎవరినైనా అడిగి తెలుసుకో.

కాబట్టి నీ గడిలో ఇలా రాసుకో: "ఏ అలవాట్లూ లేవు. ఉండబోవు."

ఆశీస్సులతో
శీనయ్య

తా.క.: కవరు మీద స్టాంపు తలకిందులుగా అంటించావు. ఈసారికి నేనే సరిచేసుకున్నాను.


ఆత్మకూరు,
జూన్ 13.

పూజ్యులైన తాతగారికి,

స్టాంపు విషయంలో క్షమించాలి. ఏడో గడికి మీరిచ్చిన జవాబు మా డాక్టరుగారికి చదివి వినిపించాను. ఆయన తల పట్టుకున్నారు.

తాతగారూ, మీరు గొప్పగా చెప్పుకుంటున్నదే అసలు జబ్బు. డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చినా ఒక్క అలవాటు కూడా లేకపోతే ఒళ్ళు మాట ఎలా వింటుంది? ఇప్పటికైనా మించిపోయింది లేదు. వెంటనే ఒక మంచి అలవాటు మొదలుపెట్టండి. ఫలానాదని మేము పేరు పెట్టి చెప్పం, అది మా కేంద్రం నియమం. మేము చెబితే మీరు నాలుగు రోజులు చేసి మానేస్తారు. మీకై మీరు ఎంచుకున్నదే నిలబడుతుంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మొదట్లో కొంచెమే చాలు. మొదటి రోజే ఎక్కువైతే మర్నాడు మంచం దిగలేరు. రోజూ ఒకే వేళకు మొదలుపెట్టండి. ఒంటరిగా వద్దు, పాత అనుభవం ఉన్న మనిషిని ఎవరినైనా తోడు చూసుకోండి. వాళ్ళు ఎంతలో ఆగాలో చెప్తారు. డాక్టరుగారు రాసిన మాత్రలు మాత్రం మానకూడదు. మాత్రలూ అలవాటూ రెండూ కలిస్తేనే ఫలితం. ఇంట్లో అవ్వగారితో ముందే చెప్పి మొదలుపెడితే ఆమె కూడా సాయం చేస్తారు.

మీ మేలు కోరే
లిఖిత

తా.క.: వీలైతే అవ్వగారిని కూడా కలుపుకోండి. భార్యాభర్తలిద్దరూ కలిసి చేసే ఇళ్ళల్లో మంచి ఫలితాలు కనిపిస్తున్నాయి.


ఉదయగిరి,
జూన్ 19.

చిరంజీవి లిఖితకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాను. అక్షరం మారలేదు.

నేను పోస్టు మాస్టరుగా ఉన్నప్పుడు ఎన్నో సర్కారు కాగితాలు చూశాను. ఇలాంటి సలహా ఇచ్చిన కాగితం ఒక్కటీ చూడలేదు. కానీ డాక్టరు చదువుకున్నవాడు. కాలు నాది. రాత్రి పడుకుంటే అరికాలి కింద చీమలు పాకినట్టు ఉంటుంది. ఆ చీమలు చెప్పాయమ్మా నాకు, డాక్టరు మాట వినమని.

ఏ అలవాటో నాకు అర్థమైంది. పేరు మాత్రం రాయను. ఉత్తరం ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలిసినంత నీకు తెలియదు. నా సందేహాలు మాత్రం తీర్చు. మంచి అలవాటు అన్నావు, మంచిదంటే ఖరీదైనదా? పాతదైతేనే మంచిదని ఇక్కడ కొందరంటారు, నిజమేనా? అన్నానికి ముందా, తర్వాతా? నీళ్ళ సంగతేమిటి? ఇవన్నీ రాసిన మీ డాక్టరుకు స్వయంగా ఈ అలవాటు ఉందా, లేక ఊళ్ళో వాళ్ళకు చెప్పడమేనా?

ఇక సుబ్బరత్నమ్మతో చెప్పమన్నావు. తల్లీ, నువ్వు చిన్నపిల్లవి. ఆమెకు తెలిస్తే కాలు మిగిలినా ఆ కాలు పెట్టడానికి ఇల్లు మిగలదు. ఆమె మొహంలోకి చూసి నేను ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

శీనయ్య

తా.క.: ఆమెను కూడా కలుపుకోమని రాసిన కాగితం ముక్క చించి పొయ్యిలో వేశాను. నీ క్షేమం కోరే చేశాను.


ఆత్మకూరు,
జూన్ 25.

పూజ్యులైన తాతగారికి,

మీరు పేరు రాయకపోయినా ఏ అలవాటో నాకూ అర్థమైంది లెండి. మన పెద్దవాళ్ళు ఎక్కువమంది దాన్నే ఎంచుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఖరీదుతో పని లేదు. మీ ఒంటికి పడేదే మంచిది. పాతదైతే మరీ మంచిది, ఒళ్ళు త్వరగా గుర్తుపడుతుంది. అన్నానికి ముందే, సాయంత్రం చల్లబడ్డాక. నీళ్ళు పక్కనే ఉంచుకుని మధ్యమధ్య తాగండి.

మా డాక్టరుగారి మీద అనుమానం వద్దు. ఆయన తెల్లవారి ఐదింటికే మొదలుపెడతారు. ఆయనా, వాళ్ళావిడా ఇద్దరూ. వాన పడినా గొడుగు పట్టుకుని మరీ కానిస్తారు. ఆ ఉత్సాహంతోనే సాయంత్రం దాకా రోగులను చూస్తారు. ఆయన్ని చూసే నేను కూడా రెండేళ్ళుగా మొదలుపెట్టాను. మా హాస్టలు అమ్మాయిలం ఆరుగురం, రోజూ కలిసే. మొదట్లో మా అమ్మ తిట్టేది. ఈ మధ్య ఊరి నుంచి వచ్చినప్పుడు ఆమె కూడా మాతో వస్తోంది.

మీరు ఈ వారమే మొదలుపెట్టండి. గోడ మీద క్యాలెండరులో చేసిన రోజుకు ఒక టిక్కు పెట్టుకోండి.

లిఖిత

తా.క.: మొదటి పది రోజులే కష్టం. ఆ తర్వాత అదే మిమ్మల్ని లాక్కుపోతుంది.


ఉదయగిరి,
జూలై 4.

చిరంజీవి లిఖితకు,

మీ డాక్టరు సంగతి చదివి ఒక పూట అన్నం సయించలేదు. తెల్లవారి ఐదింటికా? ఆవిడ కూడానా? ఆయన రాసిన మాత్రల చీటీని మళ్ళీ ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకున్నాను. నీ సంగతి నేనేమీ అడగను. మీ అమ్మ కూడా కలిశాక అడగడానికి నేనెవరిని?

నేను మొదలుపెట్టాను. తోడు దొరికాడు. పేరు పెంచలప్రసాద్. సుబ్బరత్నమ్మకు తమ్ముడి వరస. లారీలు తోలి మానుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని ఊరందరికీ తెలుసు. దుత్తలూరు రోడ్డులో వాళ్ళ బావి దగ్గర మోటారు షెడ్డు ఉంది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు. నేను అడిగితే వాడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "ఏంది బావా, నువ్వా" అన్నాడు. "డాక్టరు చెప్పినాడురా" అన్నాను. "అట్లయితే ఈ పొద్దు వద్దు, రేపు రా. అన్నీ సిద్ధం చేసి పెడతాను" అన్నాడు.

ఆటోలో పోదామంటే దస్తగిరి ఆటో తప్ప ఇక్కడ వేరే ఆటో లేదు. వాడికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అందుకని ఐదున్నరకు నడిచే పోయాను. మొదటి రోజు గొంతు మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమటలు కారాయి. అంత చేదు అనుభవం నా జన్మలో లేదు. ఇంత బాధపడుతూ లోకం ఎందుకు ఎగబడుతోందో నాకు అర్థం కాలేదు. వచ్చేటప్పుడు రోడ్డు కొంచెం ఊగింది.

ఇంటికొచ్చే ముందు రెండు జామాకులు నమిలాను. సుబ్బరత్నమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఏందయ్యా, మొగం అంత ఎర్రంగా ఉండాది?" అంది. "ఎండ" అన్నాను. అప్పటికి పొద్దు గుంకింది. ఆమె చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శీనయ్య

తా.క.: క్యాలెండరులో టిక్కులు పెడుతున్నాను. అవేమిటని అడిగితే బర్రె చూడి లెక్క అని చెప్పాను. రెండో అబద్ధం.


ఆత్మకూరు,
జూలై 12.

ప్రియమైన తాతగారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. అరుగు దిగని మనిషి ఒక్కసారిగా అంత దూరం వచ్చారంటే మాటలా?

గొంతు ఎండడం, చెమట పట్టడం మామూలే. తల తిరిగితే అక్కడే కాసేపు కూర్చుని లేవండి. పెంచలప్రసాద్ గారి లాంటి తోడు దొరకడం మీ అదృష్టం. ముప్పై ఏళ్ళ అనుభవం మా డాక్టరుగారికి కూడా లేదు. ఇక నుంచి వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోండి. ఒక రోజు తప్పితే తప్పిందని కుమిలిపోవద్దు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి. ఎప్పుడైతే ఆ వేళకు కాళ్ళు వాటంతట అవే బయటికి లాగుతాయో, అది లేకపోతే తోచదో, అప్పుడు మీకు అలవాటు పట్టినట్టు లెక్క. ఆ రోజు నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.

అవ్వగారికి చెప్పకపోవడం ఒక్కటే నాకు నచ్చలేదు. అయినా మీ ఇష్టం.

లిఖిత

తా.క.: మంచి బూట్లు ఒక జత కొనుక్కోండి. పాదాలు జాగ్రత్త.


ఉదయగిరి,
ఆగస్టు 20.

చిరంజీవి లిఖితకు,

ఆ రోజు వచ్చిందమ్మా. అందుకే రాస్తున్నాను.

పోయిన గురువారం సాయంత్రం జోరుగా వాన. పోలేకపోయాను. అరుగు మీద కూర్చుందామంటే కూర్చోలేను. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. "ఏందయ్యా, ఏమన్నా పారేసుకున్నావా" అని సుబ్బరత్నమ్మ అడిగింది. నేను పారేసుకున్నది ఆమెకు చెప్పేది కాదు. నలభై మూడేళ్ళు కాపాడుకున్న పేరు యాభై రోజుల్లో పోయింది. నేను దానికి బానిసనయ్యాను.

పెంచమన్నావు కదా, పెంచలప్రసాద్ ఒప్పుకోవడం లేదు. "ఒక్క గ్లాసే బావా, డాక్టరు ఎంత చెప్పినా ఒక్కటే" అంటాడు. కానీ చోటు మారుస్తున్నాడు. షెడ్డు మీద జనం కన్ను పడిందని చెప్పి అవతల మామిడి తోటకు మార్చాడు. అక్కడికి మూడు కిలోమీటర్లు. నిన్న ఆ తోట కూడా బాగలేదన్నాడు. "అలవాటు ముదిరే కొద్దీ దూరం పోవాల బావా" అన్నాడు. ఇప్పుడు నాలుగు కిలోమీటర్లు పోతున్నాను. నీ బూట్లు పనికొచ్చాయి.

చిత్రమేమిటంటే పంచె వదులైంది. అరికాళ్ళలో చీమలు తగ్గాయి. పడుకుంటే తెల్లారిందాకా మెలకువ రాదు. పాపం చేసినవాడికి ఇంత నిద్ర పట్టకూడదు. నిన్న సుబ్బరత్నమ్మ రాగి సంగటి కలిపి కంచంలో పెట్టి, "నీ మొగంలో కళ వచ్చింది" అంది. తలెత్తి ఆమెను చూడలేకపోయాను. సగంలోనే చెయ్యి కడుక్కున్నాను.

పరీక్ష కానీ, తల్లీ. చక్కెర దిగిందని చెప్పు. ఆ మాట రాగానే మానేసి ఆమె కాళ్ళ మీద పడతాను.

శీనయ్య

తా.క.: మూడో అబద్ధం, నాలుగో అబద్ధం కూడా అయిపోయాయి. లెక్క మానేశాను.


ఆత్మకూరు,
సెప్టెంబరు 6.

ప్రియమైన తాతగారికి,

నెల్లూరులో నాకు పరీక్షలు ఉండి ఉదయగిరి శిబిరానికి రాలేకపోయాను. తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద మీ ఫలితం ఉంది. నూట నలభై ఎనిమిది. సూదులు అక్కర్లేదు. మా డాక్టరుగారు రెండుసార్లు కాగితం తిప్పి చూశారు. మీరు ఉత్తరంలో రాసిన గ్లాసు ఏమిటని అడిగారు. మజ్జిగ అయి ఉంటుందని చెప్పాను.

ఇప్పుడు మానేస్తానంటారేమిటి? ఇది జీవితాంతం ఉంచుకోవాల్సిన అలవాటు. ఒకటి నిలబడింది కనుక మెల్లగా రెండోది కూడా మొదలుపెట్టండి.

ఇంకో శుభవార్త. ఈ నెల 21న ఉదయగిరిలో పెద్దల సభ పెడుతున్నాం. మూడు మండలాల నుంచి వస్తారు. మిమ్మల్ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. మీ అలవాటు గురించి, అది ఎలా మొదలైందో, పెంచలప్రసాద్ గారు ఎలా తోడ్పడ్డారో మీరు మైకులో పది నిమిషాలు చెప్పాలి. దండ అవ్వగారి చేత వేయిద్దామనుకుంటున్నాం. ఆమెకు విడిగా ఆహ్వానం పంపుతున్నాను.

లిఖిత

తా.క.: మీ ఫోటో కింద బ్యానరు మీద ఏం రాయించమంటారు? "అలవాటుతో ఆరోగ్యం" అని అనుకుంటున్నాం.


ఉదయగిరి,
సెప్టెంబరు 10.

లిఖితమ్మకు,

సభ వద్దు. శాలువా వద్దు. బ్యానరు అసలే వద్దు. సుబ్బరత్నమ్మకు ఆహ్వానం పంపి ఉంటే ఎలాగైనా వెనక్కి తెప్పించు.

ఎన్ని చేతులు మారితే మారనీ, ఇక పేరు రాసేస్తాను. మూడు మండలాల జనం ముందు మైకు పట్టుకుని నేను మందు తాగుతున్నానని ఎలా చెప్పమంటావు? పెంచలప్రసాద్ పోసి ఇచ్చిన క్వార్టరు సీసాలో సగం గ్లాసులో పోసుకుని, ముక్కు మూసుకుని రోజూ తాగుతున్నానని, అది మీ కేంద్రమే రాసి పంపిందని ఎలా చెప్పమంటావు? ఆమె నాయన తాగి తాగి పోయినాడు. చిన్నప్పుడు అతన్ని రోడ్డు మీద నుంచి లేపుకుని వచ్చేది ఆమే. అందుకే తలుపు చాటు నుంచి ఆ ప్రశ్న అడిగించింది. అటువంటి మనిషి చేత నాకు దండ వేయిస్తావా?

కాలు మిగిలింది, సంతోషమే. ఇంటికి మాత్రం మనిషిగా మిగలనివ్వు.

శీనయ్య

తా.క.: రెండో అలవాటు అన్నావు. పేకాటేనా? ఏదో తెలిస్తే మనసు సిద్ధం చేసుకుంటాను.


ఆత్మకూరు,
సెప్టెంబరు 13.

తాతగారూ,

ఈ ఉత్తరం అందగానే ఆపేయండి. ఒక్క చుక్క కూడా ముట్టకండి. నేను చెప్పింది నడక. మూడు నెలలుగా నేను రాసిందంతా నడక గురించే. డాక్టరుగారు తెల్లవారి ఐదింటికి చేసేది నడక. నేనూ, హాస్టలు అమ్మాయిలూ, మా అమ్మా, అందరం నడవడానికే పోతాం. ఫలానా అలవాటని పేరు పెట్టి చెప్పకూడదని నియమం పెట్టినవాళ్ళు ఎవరో తెలిస్తే నేను కూడా నాలుగు మాటలు అంటాను.

చక్కెర మాత్రలు వేసుకుంటూ మందు తాగితే ప్రాణానికే ప్రమాదం. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే క్షమించండి. డాక్టరుగారికి ఇంకా చెప్పలేదు. ఆదివారం బస్సుకు నేనే వస్తున్నాను. అవ్వగారి కాళ్ళు పట్టుకుని తప్పంతా నాదేనని చెప్తాను.

లిఖిత

తా.క.: స్టాంపు ఎలా అంటించానో చూసుకోలేదు.


ఉదయగిరి,
సెప్టెంబరు 15.

చిరంజీవి లిఖితకు సుబ్బరత్నమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం సాయంత్రం వచ్చింది. ఆయన ఇంట్లో లేడు, నాలుగు కిలోమీటర్ల అవతల పాపం చేస్తున్నాడు. నేనే విప్పి చదివాను. భయపడకు తల్లీ. ఆయన మందు తాగలేదు. తాగబోడు.

నీ ఉత్తరాలన్నీ ఆయన బియ్యం డబ్బా వెనక దాస్తాడు. ఆ డబ్బాలో రోజూ బియ్యం తీసేది నేను. ఆయన రాసే జవాబులు పోస్టులో వేసే ముందు పెంచలప్రసాద్‌కు చదివి వినిపిస్తాడు, వాడొచ్చి నాకు చెప్తాడు. అలవాటు మొదలుపెట్టమని నువ్వు రాసింది చదివి ఒక్క నిమిషం నేను కూడా బిత్తరపోయాను. తర్వాత అర్థమై వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. "అది నడకయ్యా పిచ్చి మనిషీ" అని చెప్పడానికి లేచాను కూడా. గడప దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్ళుగా నడవమని నేను చెప్తూనే ఉన్నాను. రేపటి నుంచి అంటాడు. ఆ రేపు ఇంతవరకూ మా వీధికి రాలేదు. ఆరోగ్యం కోసం అయితే అరుగు దిగని మనిషి, తప్పు చేయడానికైతే ఎంత దూరమైనా పోతాడేమోనని అనిపించింది. పోయినాడు.

ఆయన అడిగిన సాయంత్రమే పెంచలప్రసాద్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినాడు. "అక్కా, బావ చెడిపోతా ఉండాడు" అన్నాడు. "చెడిపోనీరా, నేను చెప్పినట్టు చెడగొట్టు" అన్నాను. ఆ సీసాలో పోసేది శొంఠి, మిరియాలు, మెంతులు వేసి నేను కాచిన కషాయం. అసలుది ఎలా ఉంటుందో ఆయన జన్మలో ఎరగడు కదా, గొంతు మండితే అదే అనుకున్నాడు. ఇంట్లో గ్లాసులో ఇస్తే మొహం తిప్పుకునే కషాయం, సీసాలో పోస్తే చుక్క మిగల్చకుండా తాగాడు. రోడ్డు ఊగిందని రాశాడంట కదా, అది ఆయన పదేళ్ళ తర్వాత నడిచిన రోడ్డు, ఊగక ఏం చేస్తుంది? చోటు దూరం చేసింది కూడా నేనే. వారం వారం పెంచమని నువ్వే కదా రాశావు.

నా మీద నీకు కోపం రావచ్చు. ఆయన కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నానని. కుమిలిపోయి రాగి సంగటి ముద్ద మింగలేని రోజున నేను కూడా తినలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ సోమశిల దగ్గర మా అన్న ఉండేవాడు. ఆయనదీ ఇదే జబ్బు. రేపు, ఎల్లుండి అంటూ కూర్చున్నాడు. మోకాలి కింద తీసేశారు. ఆ మంచం పక్కన ఆరు నెలలు నేను కూర్చున్నాను. లేని కాలు దురద పెడుతోందని గోకమనేవాడు. ఎక్కడ గోకాలో తెలియక దుప్పటి మీద గోకేదాన్ని. నా మొగుడి దగ్గర అలా కూర్చోవడం నా వల్ల కాదు. ఆయన నాకు అబద్ధాలు చెప్పినా పర్వాలేదు, రెండు కాళ్ళ మీద నిలబడి చెప్పాలి.

నూట నలభై ఎనిమిది అని చదివిన రోజున దేవుడి గదిలోకి పోయి ఏడ్చాను.

అందుకని ఆదివారం నువ్వు రావద్దు. నిజం చెప్పావంటే సోమవారం నుంచి మళ్ళీ అరుగే. సభ వాయిదా పడిందని రాయి. డాక్టరుగారు ఒక్క గ్లాసుకు మించి ఒప్పుకోరని, ఇది మాత్రం జీవితాంతం మానకూడదని గట్టిగా రాయి. ఆయన పట్టుబడతానని భయపడుతూనే ఉండాలి, నేను కనిపెట్టనట్టే ఉంటాను. నలభై మూడేళ్ళు అలవాట్లు లేని మనిషితో కాపురం చేశాను, ఇక నుంచి ఒకటి ఉన్న మనిషితో చేస్తాను.

సుబ్బరత్నమ్మ

తా.క.: రెండో అలవాటు పేకాటేనా అని అడిగాడట కదా. అవునని రాయి. ఉదయగిరి కొండ సగం ఎక్కితే ఎవరి కంటా పడకుండా ఆడుకోవచ్చని పెంచలప్రసాద్ చేత చెప్పిస్తాను.